నిలకడ లేని స్వయంచాలక పరీక్షలు

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ప్రోగ్రాము గానీ, దాన్ని పరీక్షించే కోడు గానీ ఏమాత్రం మారకపోయినా ఒకసారి పాసై మరోసారి ఫెయిలయ్యే స్వయంచాలక పరీక్షను నిలకడ లేని పరీక్ష అంటారు. వృత్తిలో ఉన్నవారు దీన్ని ఫ్లేకీ టెస్టు అని వ్యవహరిస్తారు. స్వయంచాలక పరీక్ష అంటే, మనిషి తెర ముందు కూర్చొని మీటలు నొక్కి చూసే పని లేకుండా, ప్రోగ్రాములోని ఒక భాగాన్ని నడిపించి, వచ్చిన ఫలితం రావలసిన ఫలితంతో సరిపోయిందో లేదో తానే తేల్చి చెప్పే చిన్న ప్రోగ్రాము. ఇలాంటివి వందలూ వేలూ కలిస్తే టెస్ట్ సూట్ అవుతుంది. ప్రోగ్రామర్లు తాము మార్చిన కోడును ఉమ్మడి రిపాజిటరీలో చేర్చిన ప్రతిసారీ ఒక సర్వరు ఈ సూట్ మొత్తాన్ని నడిపిస్తుంది. ఈ ఏర్పాటును నిరంతర సమీకరణం అనీ, వాడుకలో సీఐ అనీ అంటారు. అలా సూట్ నడిచిన ప్రతి సందర్భాన్నీ బిల్డు అంటారు. అన్ని పరీక్షలూ పాసైతే బిల్డు పచ్చగా, ఒక్కటి తప్పినా ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు కనిపిస్తే కొత్త కోడులో తప్పు ఉన్నట్టేనన్న నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా ఆధారపడి ఉంటుంది. నిలకడ లేని పరీక్ష మొదట దెబ్బతీసేది ఆ నమ్మకాన్నే.

సమస్య తీవ్రత సూట్ పరిమాణంతో పాటు పెరుగుతుంది. ఒక్కో పరీక్ష వెయ్యిసార్లకు ఒక్కసారి మాత్రమే అకారణంగా ఫెయిలవుతుందనుకుంటే, విడిగా చూసినప్పుడు అది పట్టించుకోనక్కరలేని లోపంగా తోస్తుంది. కానీ అలాంటి 1,000 పరీక్షలు ఒకదానిపై ఒకటి ఆధారపడకుండా ఒకే సూట్‌లో నడిస్తే అన్నీ పాసయ్యే అవకాశం సుమారు 37 శాతమే. అంటే కోడులో ఏ దోషమూ లేకపోయినా ప్రతి మూడు బిల్డుల్లో దాదాపు రెండు ఎర్రబడతాయి. గూగుల్ సంస్థకు చెందిన జాన్ మిక్కో 2016లో వెల్లడించిన వివరాల ప్రకారం, ఆ సంస్థలో పరీక్షలు నడిచిన మొత్తం సందర్భాల్లో నిలకడ లేని ఫలితాలు సుమారు 1.5 శాతమే అయినా, ఏదో ఒక మేరకు ఈ లక్షణం కనబరచిన పరీక్షలు దాదాపు 16 శాతం ఉన్నాయి. అంతకన్నా ఆలోచించవలసిన అంకె మరొకటి ఉంది: అంతవరకు పాసవుతూ వచ్చి కొత్తగా ఫెయిలైన సందర్భాలలో 84 శాతం నిలకడ లేని పరీక్షలతో ముడిపడినవే. అంటే ఎరుపు కనిపించగానే పని ఆపి కారణం వెతికిన ఇంజనీరు శ్రమ ఎక్కువ సార్లు లేని తప్పు కోసమే ఖర్చయింది. కొంతకాలానికి ఆ ఇంజనీరు వెతకడం మానేస్తే ఆశ్చర్యపడవలసింది లేదు. అసలు నష్టం మొదలయ్యేది అప్పుడే.

పూర్వాపరాలు

ఒకసారి కనిపించి మళ్లీ కనిపించని దోషాల గురించిన చర్చ స్వయంచాలక పరీక్షల కన్నా పాతది. ట్యాండెం కంప్యూటర్స్ సంస్థలో పనిచేసిన జిమ్ గ్రే, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న ప్రశ్నపై 1985లో రాసిన నివేదికలో సాఫ్ట్‌వేర్ దోషాలను రెండు తెగలుగా విడదీశాడు. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే చోట అదే విధంగా బయటపడేవి బోర్‌బగ్‌లు. పరిశీలించబోతే మాయమయ్యేవి హైసెన్‌బగ్‌లు. మొదటి తెగకు తెలుగువారికి బాగా గుర్తుండిపోయిన ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో ఎదురైంది. ‘జ్ఞా’ అనే అక్షరపు ఒక నిర్దిష్ట సంకేత క్రమం సందేశంలో వస్తే ఆపిల్ ఫోన్లలో ఆ సందేశాన్ని చూపించే యాప్ కుప్పకూలేది. ఆ క్రమం వచ్చిన ప్రతిసారీ అదే ఫలితం కనిపించినందువల్ల దోషాన్ని రుజువు చేయడానికి ఒక్క సందేశం చాలింది. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అదే అక్షరం వందసార్లకు ఒకసారి మాత్రమే యాప్‌ను కూల్చి ఉంటే, ఫిర్యాదు చేసినవారి ఫోన్‌నే అనుమానించి ఊరుకునేవారు. నిలకడ లేని పరీక్షల్లో ఎదురయ్యేవి ఎక్కువగా ఈ రెండో తెగ దోషాలే.

కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జావా భాషలో పరీక్షలు రాయడానికి జేయూనిట్‌ను రూపొందించాక పరీక్షలను కోడుతో పాటే రాసే అలవాటు వ్యాపించింది. క్రూజ్‌కంట్రోల్, ఆపైన జెంకిన్స్ వంటి సీఐ సర్వర్లు రావడంతో రోజుకు ఒకటి రెండు సార్లు నడిచే సూట్లు గంటకు ఎన్నోసార్లు నడవసాగాయి. అరుదుగా జరిగేది తరచుగా కనబడడానికి ఈ మార్పే కారణం. మార్టిన్ ఫౌలర్ 2011లో ఈ అంశంపై రాసిన వ్యాసం చాలా బృందాలకు మొదటి మార్గదర్శి అయింది. విద్యారంగంలో దీనిపై క్రమబద్ధమైన తొలి పెద్ద అధ్యయనం 2014లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది. చింగ్‌జౌ లువో, దార్కో మరినోవ్ తదితరులు అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు చెందిన 51 ప్రాజెక్టుల చరిత్రను తవ్వి, నిలకడ లేని పరీక్షలను సరిదిద్దిన 201 మార్పులను పరిశీలించి, కారణాలను వర్గీకరించారు. తరువాతి పరిశోధనలు చాలావరకు ఏదో ఒక విధంగా ఆ వర్గీకరణనే ఆధారం చేసుకున్నాయి.

కారణాలు

ఆ అధ్యయనంలో కారణం తేల్చగలిగిన సందర్భాల్లో 45 శాతం ఒకే మూలానికి చెందినవి: వేచి ఉండడంలో పొరపాటు. పరీక్ష ఒక పనిని పురమాయిస్తుంది, ఆ పని ప్రోగ్రాములోనే సమాంతరంగా నడిచే వేరొక థ్రెడ్‌లోనో వేరొక సర్వరులోనో జరుగుతుంది, అది పూర్తయిందో లేదో చూడకుండానే పరీక్ష ఫలితాన్ని అడుగుతుంది. రాసినవారు సాధారణంగా మధ్యలో రెండు సెకన్లు ఆగమని ఒక వాక్యం చేర్చి ఉంటారు. వారి కంప్యూటరు మీద ఆ రెండు సెకన్లు సరిపోతాయి, పదిమంది బిల్డులు ఒకేసారి నడుస్తున్న సీఐ సర్వరు మీద ఒక్కోసారి సరిపోవు. ఆగే కాలాన్ని రెండు నుంచి పది సెకన్లకు పెంచితే ఫెయిల్ కావడం తగ్గుతుంది గానీ పోదు, పైగా పాసైన ప్రతిసారీ ఎనిమిది సెకన్లు వృథా అవుతాయి. కావలసిన స్థితి వచ్చిందా అని కొద్దికొద్ది వ్యవధిలో అడుగుతూ, వచ్చిన వెంటనే ముందుకు సాగి, గరిష్ఠ గడువు దాటితేనే ఫెయిలయ్యేలా రాయడం సరైన మార్గం. పై అధ్యయనంలో ఈ తెగకు చెందిన పరీక్షల్లో సగానికి పైగా ఇలాగే సరిదిద్దారు.

తెలుగు వెబ్ పేజీలను పరీక్షించేవారికి ఈ తెగలోనే మరొక రూపం ఎదురవుతుంది. సిలికానాంధ్ర చొరవతో రూపొంది గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ‘గురజాడ’, ‘గిడుగు’ అనేవి ఉన్నాయి. విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు, శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి పేర్లు వాటికి పెట్టారు. ఇలాంటి ఫాంటును పేజీ నెట్‌వర్క్ మీదుగా తెచ్చుకుంటుంది. అది వచ్చేలోగా బ్రౌజరు తన దగ్గరున్న మరో తెలుగు ఫాంటుతో అక్షరాలు చూపిస్తే, వత్తుల ఎత్తు, గుణింతాల వెడల్పు, వాక్యం విరిగే చోటు అన్నీ మారిపోతాయి. పేజీ చిత్రాన్ని తీసి పాత చిత్రంతో పోల్చే పరీక్ష ఫాంటు ముందొస్తే పాసవుతుంది, ఆలస్యమైతే ఫెయిలవుతుంది. వత్తులు అక్షరం కిందికి దిగే లిపి కనుక ఫాంటు మారినప్పుడు వరుసల మధ్య దూరం కూడా మారుతుంది. పేజీలో ఒక్క వరుస కిందికి జరిగితే ఆ కిందనున్నదంతా తేడాగానే లెక్కకు వస్తుంది. ఫాంటును పరీక్ష నడిచే కంప్యూటరులోనే ఉంచడం, ఫాంట్లన్నీ సిద్ధమయ్యాయని బ్రౌజరు తెలిపిన తరువాతే చిత్రం తీయడం దీనికి విరుగుడు.

రెండో పెద్ద కారణం ఏకకాలికత. రెండు థ్రెడ్లు ఒకే సమాచారాన్ని ఒకే సమయంలో మార్చబోయినప్పుడు, ఏది ముందు చేరిందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. అపాచీ అధ్యయనంలో వీటి వాటా 20 శాతం. పరీక్ష రాసినవారి పొరపాటు కన్నా ప్రోగ్రాములోని అసలు దోషం ఇక్కడ ఎక్కువగా దాగి ఉంటుంది.

మూడోది వరుసపై ఆధారపడడం, దీని వాటా 12 శాతం. పొందూరు ఖాదీని ఆన్‌లైన్‌లో అమ్మే ఒక అంగడి సాఫ్ట్‌వేరును ఊహించుకుంటే విషయం సులభంగా అర్థమవుతుంది. ఒక పరీక్ష పది పంచెల నిల్వ ఉన్న డేటాబేసు తీసుకొని, ఒక ఆర్డరు వేసి, తొమ్మిది మిగిలాయో లేదో చూస్తుంది. మరో పరీక్ష అదే డేటాబేసు తెరిచి, పేజీ మీద నిల్వ పది అని కనిపిస్తోందా అని చూస్తుంది. రెండోది ముందు నడిస్తే రెండూ పాసవుతాయి. మొదటిది ముందు నడిచి, తాను చేసిన మార్పును వెనక్కి తీయకపోతే రెండోది ఫెయిలవుతుంది. పరిశోధకులు ఇక్కడ ఫెయిలైన దాన్ని బాధిత పరీక్ష అనీ, ఉమ్మడి స్థితిని చెడగొట్టిన దాన్ని కలుషితం చేసిన పరీక్ష అనీ పిలుస్తారు. దీనికి తలకిందులైన రూపం కూడా ఉంది: ముందు నడిచిన పరీక్ష ఏదో సిద్ధం చేసి పెడితే తప్ప పాస్ కాలేనివి, అంటే విడిగా నడిపితే ఎప్పుడూ ఫెయిలయ్యేవి. పరీక్షల వరుస తనంతట తాను మారదు కదా అన్న ధీమా చాలాకాలం ఉండేది. జావా 7లో ఒక తరగతిలోని పద్ధతుల జాబితా ఏ వరుసలో వస్తుందన్నది మారడంతో ఎన్నో ప్రాజెక్టుల్లో అప్పటిదాకా పాసవుతున్న పరీక్షలు ఉన్నట్టుండి ఫెయిలయ్యాయి. అందుకే 2012లో వచ్చిన జేయూనిట్ 4.11 ఒక స్థిరమైన వరుసను ప్రవేశపెట్టింది. అది తక్షణ ఉపశమనమే గానీ, కలుషితం చేసే పరీక్షలను కనబడకుండా చేసింది కూడా.

కాలం, తేదీలకు సంబంధించిన లోపాలు భారతదేశంలో పనిచేసేవారికి ప్రత్యేకంగా పరిచయం. భారత ప్రామాణిక కాలం విశ్వ సమన్వయ కాలానికి ఐదున్నర గంటలు ముందు ఉంటుంది; సీఐ సర్వర్లు ఎక్కువగా విశ్వ కాలాన్నే పాటిస్తాయి. కనుక అర్ధరాత్రి 12 గంటల నుంచి ఉదయం 5.30 వరకు శ్రీకాకుళంలో ఒక తేదీ, సర్వరులో దాని ముందు రోజు తేదీ నడుస్తుంటాయి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతుకిచ్చే రసీదు మీద నేటి తేదీ ఉందా అని చూసే పరీక్ష, రసీదును భారత కాలంలోనూ తన అంచనాను విశ్వ కాలంలోనూ లెక్కిస్తే, పగలు పదింటికి నడిపినా సాయంత్రం ఐదింటికి నడిపినా పాసవుతుంది. తెల్లవారుజామున రెండింటికి నడిచే రాత్రి బిల్డులో మాత్రం ఫెయిలవుతుంది. ఉదయం వచ్చిన ఇంజనీరు మళ్లీ నడిపి చూస్తే పచ్చగా కనిపిస్తుంది, దాంతో అది నిలకడ లేనిదన్న ముద్ర పడుతుంది. నిజానికి దానంత నిలకడైన పరీక్ష మరొకటి లేదు. ప్రతి రాత్రీ అదే వేళకు అదే సమాధానం చెబుతోంది. గడియారాన్ని నేరుగా అడగకుండా, పరీక్ష తానే నిర్ణయించి ఇచ్చే కాలాన్ని ప్రోగ్రాము వాడుకునేలా రాయడం దీనికి పరిష్కారం. అలా రాస్తే అర్ధరాత్రి తరువాతి వేళనూ, మార్చి 31 రాత్రి ఆర్థిక సంవత్సరం మారే క్షణాన్నీ పట్టపగలే పరీక్షించవచ్చు.

మిగిలిన కారణాలు చిన్నవి గానీ విస్తారమైనవి. సమితులు, పట్టికలు తమలోని అంశాలను ఏ వరుసలో ఇస్తాయన్న హామీ లేకపోయినా ఉన్నట్టు నమ్మడం వాటిలో ఒకటి. పైథాన్ 3.3 నుంచి హ్యాషింగ్‌ను యాదృచ్ఛికం చేయడంతో ఈ నమ్మకం చాలాచోట్ల బయటపడింది. గో భాష రూపకర్తలు పట్టికల వరుసను కావాలనే ప్రతిసారీ మార్చి, ఎవరూ దానిపై ఆధారపడకుండా చేశారు. బయటి సేవలను నేరుగా పిలవడం, యాదృచ్ఛిక సంఖ్యలు వాడి, వాటిని పుట్టించే మూలసంఖ్యను, అంటే బీజాన్ని, నమోదు చేయకపోవడం, దశాంశ గణితంలో సూక్ష్మ తేడాలు, మూయని ఫైళ్లు, చాలని మెమరీ ఆ కోవలోనివే.

ఈ కారణాల జాబితా చూసి నిలకడ లేకపోవడమంతా పరీక్షల దోషమే అనుకోవడం ప్రమాదకరం. 2014 అధ్యయనంలో 24 శాతం సవరణలు పరీక్షను కాక ప్రోగ్రామునే మార్చాయి, వాటిలో దాదాపు అన్నీ నిజమైన దోషాలను సరిదిద్దాయి. పై రసీదు ఉదాహరణలో తప్పు అంచనాలో కాక రసీదు ముద్రించే కోడులోనే ఉండి ఉంటే, తెల్లవారకముందే ధాన్యం తెచ్చిన రైతు చేతికి నిన్నటి తేదీతో రసీదు వచ్చేది. పరీక్ష చెప్పింది నిజం. వినేవారు దాన్ని చపలమైనదని కొట్టిపారేశారు.

గుర్తించడం, కొలవడం

ఒక పరీక్షకు నిలకడ ఉందో లేదో తెలుసుకోవడానికి సూటి మార్గం దాన్ని మార్పు లేకుండా పదేపదే నడపడం. ఎన్నిసార్లు నడపాలన్నది సంభావ్యత లెక్క. నూటికి ఒకసారి ఫెయిలయ్యే పరీక్ష కనీసం ఒక్కసారైనా ఫెయిల్ కావడం చూడాలంటే, 95 శాతం నమ్మకం కోసం సుమారు 300 సార్లు నడపాలి. పదిసార్లు నడిపి, అన్నిసార్లూ పాసైంది కనుక బాగైందని ప్రకటించడం తరచుగా జరిగే పొరపాటు. చాలా పరికరాలు ఈ పునరావృతాన్ని సులభం చేశాయి: గూగుల్ రూపొందించిన బేజెల్‌లో ఒక్కో పరీక్షను ఎన్నిసార్లు నడపాలో ఆదేశించవచ్చు, గో భాష పరీక్షా పరికరంలో అందుకు ప్రత్యేక ఐచ్ఛికం ఉంది.

వరుసకు సంబంధించిన లోపాలను ఉత్త పునరావృతం బయటపెట్టదు, ఎందుకంటే ప్రతిసారీ అదే వరుస నడుస్తుంది. పరీక్షలను కలగాపులగం చేసి నడిపి, ఆ వరుసకు మూలమైన బీజాన్ని నివేదికలో నమోదు చేయాలి. ఫెయిలైనప్పుడు అదే బీజంతో అదే వరుసను మళ్లీ తెచ్చుకోవచ్చు. రూబీలో ఆర్‌స్పెక్ ఈ పద్ధతిని అందిస్తుంది. కలుషితం చేసిన పరీక్ష ఏదో జాబితాను సగానికి సగం తగ్గిస్తూ తానే వెతికి పెడుతుంది. వింగ్ లామ్ తదితరులు 2019లో ప్రకటించిన ఐడీఫ్లేకీస్ అనే పరికరం జావా ప్రాజెక్టుల్లో 422 నిలకడ లేని పరీక్షలను కనుగొన్నప్పుడు వాటిలో సగానికి కొద్దిగా ఎక్కువ వరుసపై ఆధారపడినవే అని తేలింది. అపాచీ అధ్యయనంలోని 12 శాతంతో పోలిస్తే ఈ అంకె చాలా పెద్దది. ప్రోగ్రామర్లు సరిదిద్దిన వాటిని లెక్కించడం వేరు, కావాలని వరుస మార్చి వెతకడం వేరు. వెతికే పద్ధతిని బట్టి కారణాల వాటా మారుతుందన్న ఈ సంగతిని ఏ గణాంకాన్ని చదివేటప్పుడైనా గుర్తుంచుకోవాలి.

మళ్లీ నడపకుండానే తేల్చే మార్గాలు కూడా ఉన్నాయి. 2018లో జొనాథన్ బెల్ తదితరులు ప్రతిపాదించిన డీఫ్లేకర్ ఒక సరళమైన తర్కంపై నిలబడింది: నిన్న పాసై నేడు ఫెయిలైన పరీక్ష, నేడు మారిన కోడులో ఒక్క వాక్యాన్నీ నడిపి ఉండకపోతే, ఆ వైఫల్యానికి కొత్త మార్పు కారణం కాజాలదు. మైక్రోసాఫ్ట్‌లో 2019లో జరిగిన పరిశోధన మరొక దారి పట్టింది. వింగ్ లామ్, పాట్రిస్ గాడ్‌ఫ్రాయిడ్, సుమన్ నాథ్, అనిరుధ్ శాంతియార్, సురేష్ తుమ్మలపెంట కలిసి, ఒకే పరీక్ష పాసైన నడకలనూ ఫెయిలైన నడకలనూ లాగ్‌లుగా భద్రపరచి, రెంటికీ తేడా కనిపించే క్షణాన్ని వెతికిపెట్టే రూట్‌ఫైండర్‌ను తయారు చేశారు. ఫెయిలైన నడకలో మాత్రమే ఒక పని పూర్తికాకముందే తరువాతిది మొదలైందని లాగ్ చూపితే, ఇంజనీరు ఊహలతో కాక సాక్ష్యంతో పని ప్రారంభించగలడు. మొజిల్లాలో పుట్టిన ఆర్ఆర్ అనే డీబగ్గరు ఒక నడకను మొత్తంగా రికార్డు చేసి ఎన్నిసార్లైనా యథాతథంగా తిరిగి చూపుతుంది. 2016లో దానికి చేర్చిన కేయాస్ విధానం థ్రెడ్ల క్రమాన్ని కావాలని చెదరగొట్టి, అరుదైన వైఫల్యం త్వరగా కనబడేలా చేస్తుంది.

నిర్వహణ

విస్తృతంగా వాడుకలో ఉన్న మొదటి ఉపాయం ఫెయిలైన పరీక్షను వెంటనే మరో రెండు మూడు సార్లు నడిపి, ఒక్కసారి పాసైనా పాసైనట్టే లెక్కించడం. మావెన్, గ్రాడిల్, పైటెస్ట్ వంటి పరికరాల్లో ఇందుకు సిద్ధమైన సదుపాయాలు ఉన్నాయి. పదిసార్లకు ఒకసారి ఫెయిలయ్యే పరీక్ష వరుసగా మూడుసార్లు ఫెయిలయ్యే అవకాశం వెయ్యికి ఒకటే కనుక బిల్డు పచ్చబడుతుంది, పని ఆగదు. అయితే ఈ లెక్కే వినియోగదారుడికి పదిసార్లకు ఒకసారి ఎదురయ్యే నిజమైన దోషాన్ని కూడా అంతే సమర్థంగా కప్పివేస్తుంది. పునర్నడక కొలతగా పనికివస్తుంది, చికిత్సగా కాదు. రెండోసారి పాసైన ప్రతి పరీక్ష పేరూ, ఫెయిలైనప్పటి లాగ్‌తో సహా ఒకచోట నమోదై, వారానికోసారి ఎవరో ఒకరు ఆ జాబితా చూసే ఏర్పాటు ఉంటేనే దాన్ని అనుమతించడం క్షేమం.

రెండో ఉపాయం ఏకాంతవాసం, అంటే క్వారంటైన్. నిలకడ లేనిదని తేలిన పరీక్షను ప్రధాన సూట్ నుంచి తప్పించి, ఫెయిలైనా బిల్డును ఆపని వేరొక సూట్‌లో నడుపుతారు. మిగిలిన పరీక్షల ఎరుపుకు విలువ తిరిగి వస్తుంది, తప్పించిన పరీక్ష గురించి సమాచారం కూడా పోగవుతూ ఉంటుంది. ఇందులో ప్రమాదం ఏమిటో ఫౌలర్ 2011లోనే గుర్తించాడు: అక్కడికి వెళ్లిన పరీక్షలు అక్కడే మరుగున పడతాయి. అందుకే సంఖ్యకో గడువుకో పరిమితి పెట్టాలన్నాడు; ఒక పరీక్ష వారానికి మించి ఉండరాదనడం అలాంటి పరిమితి. పరిమితి లేని ఏకాంతవాసం పరీక్షను తొలగించడంతో సమానం, పైగా తొలగించినట్టు ఎవరికీ తెలియదు. ప్రతి పరీక్షకూ ఒక బాధ్యుడి పేరు, ఒక టికెట్టు, ఒక చివరి తేదీ ఉండాలి. ఆ తేదీకి సరికాకపోతే బహిరంగంగా తొలగించి, ఆ భాగానికి ఇప్పుడు రక్షణ లేదని రాసిపెట్టడం నిజాయితీ గల పని.

నమ్మలేని ఎరుపు విషయంలో ఏం చేయాలన్నది సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. రైల్వేలో ఆటోమేటిక్ సిగ్నల్ లోపం వల్ల ఎర్రగా ఉండిపోయినప్పుడు డ్రైవరు ఏం చేయాలో నిబంధన ఉంది: రైలును నిర్ణీత వ్యవధి ఆపి, ఆ తరువాత అతి తక్కువ వేగంతో ముందు మార్గం చూసుకుంటూ సాగాలి. ఎరుపును శాశ్వత అడ్డంకిగా భావించకుండా, ఉపేక్షించకుండా, మధ్యే మార్గాన్ని ఆ నిబంధన అక్షరబద్ధం చేసింది. విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య 2023 అక్టోబరు 29 రాత్రి రాయగడ ప్యాసింజరు ముందున్న పలాస ప్యాసింజరును వెనుక నుంచి ఢీకొట్టి పదిమందికి పైగా ప్రాణాలు పోయినప్పుడు, లోపం ఉన్న రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లను ఆ నిబంధనకు విరుద్ధంగా దాటడం జరిగిందని ప్రాథమిక విచారణ పేర్కొంది. సాఫ్ట్‌వేర్ బృందాల్లో చాలావాటికి ఇలాంటి లిఖిత నిబంధనే ఉండదు. ఎర్రబడిన బిల్డును మళ్లీ నడపవచ్చా, ఎన్నిసార్లు నడపవచ్చు, పక్కకు తప్పించే అధికారం ఎవరిది, వైద్యం, బ్యాంకింగ్ వంటి కీలక భాగాల్లో కూడా అదే సడలింపు వర్తిస్తుందా అన్న ప్రశ్నలకు జవాబులు ఒక పుటలో రాసి ఉంచుకోవడం పరికరాల కొనుగోలు కన్నా ముందు జరగవలసిన పని.

మూడో ఉపాయం ప్రవేశ ద్వారం దగ్గరే ఆపడం. అపాచీ అధ్యయనంలో 78 శాతం పరీక్షలు రాసిన నాటి నుంచే నిలకడ లేనివి. 2020లో వింగ్ లామ్ తదితరులు జరిపిన మరో దీర్ఘకాలిక పరిశీలనలోనూ ఈ వాటా 75 శాతంగా తేలింది. ఈ రెండు అంకెలూ ఒకే మాట చెబుతున్నాయి: కొత్తగా చేరిన పరీక్షను ఆ రోజే వందలసార్లు, వేర్వేరు వరుసల్లో, భారం ఎక్కువగా ఉన్న కంప్యూటరు మీద నడిపి చూస్తే సమస్యలో అధిక భాగం లోపలికి రాకముందే దొరుకుతుంది. రాసినవారికి ఆ కోడు ఇంకా గుర్తుండగానే దోషం తెలియడం ఇందులోని అసలు లాభం. రెండేళ్ల తరువాత, రాసినవారు వేరే సంస్థకు వెళ్లిపోయాక అదే పరీక్షను సరిదిద్దడం ఎన్నో రెట్లు కష్టం. ఖర్చు, ఫలితం సరిచూస్తే మిగిలిన ఉపాయాలన్నింటి కన్నా ఇదే మేలైనదిగా కనిపిస్తుంది. అయినా తక్కువ మంది పాటించేది కూడా ఇదే.

పెద్ద పరీక్షలే ఎక్కువగా నిలకడ తప్పుతాయని గూగుల్‌కు చెందిన జెఫ్ లిస్ట్‌ఫీల్డ్ 2017లో చూపించాడు. అక్కడి 42 లక్షల పరీక్షల్లో ఒక వారంలో దాదాపు 63,000 పరీక్షలు నిలకడ లేని ఫలితమిచ్చాయి. పరీక్ష వాడే మెమరీ, దాని పరిమాణం పెరిగే కొద్దీ ఆ అవకాశం పెరిగింది. బ్రౌజరు తెరిచి మొత్తం వ్యవస్థను నడిపే పరీక్షలను అత్యవసరమైన కొన్నింటికి పరిమితం చేసి, మిగిలిన తర్కాన్ని చిన్న పరీక్షలతో సరిచూడాలన్న పాత సలహాకు ఇది బలం చేకూర్చింది. దీనికి భిన్నంగా, ఫేస్‌బుక్‌లో పనిచేసిన మార్క్ హార్మన్, పీటర్ ఓహెర్న్ 2018లో మరో దృక్పథాన్ని ముందుకు తెచ్చారు: పరీక్షలన్నీ కొంత చపలమైనవేనని ముందే అంగీకరించి, పాస్ ఫెయిల్ అనే రెండు మాటలకు బదులు ప్రతి పరీక్షకూ ఒక సంభావ్యతను అంచనా కట్టి దాని ఆధారంగా నిర్ణయాలు తీసుకోవాలి. లక్షల పరీక్షలున్న సంస్థలకు ఇది వాస్తవిక దృష్టి. వందల పరీక్షలున్న బృందం దీన్ని సాకుగా తీసుకుంటే మాత్రం, చేతితో సరిదిద్దగలిగిన లోపాలను గణాంకాలుగా మార్చి వదిలేసినట్టవుతుంది.

ఉత్తరాంధ్రలో

రాజాంలోని జీఎంఆర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, విజయనగరంలోని ఎంవీజీఆర్ కళాశాల, 2022లో ప్రత్యేక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన జేఎన్‌టీయూ గురజాడ, టెక్కలిలోని ఆదిత్య ఇన్‌స్టిట్యూట్, ఎచ్చెర్లలోని ఆర్జీయూకేటీ ప్రాంగణం వంటి సంస్థల్లో కంప్యూటర్ సైన్సు చదివినవారు విశాఖ రుషికొండ కొండల మీది ఐటీ కార్యాలయాలకూ, హైదరాబాదు, బెంగళూరులకూ చేరి, మొదటి ఉద్యోగంలోనే వేల పరీక్షలున్న సూట్లను చూసుకోవలసి వస్తుంది. బోధనలో సాధారణంగా ఎదురయ్యే పరీక్ష ఎప్పుడు నడిపినా ఒకే జవాబిస్తుంది. ఉద్యోగంలో ఎదురయ్యేది అలాంటిది కాదు. ఈ విషయాన్ని నేర్చుకోవడానికి పెద్ద సంస్థ సర్వర్లు అక్కరలేదు. కళాశాల ల్యాబులోని ఒక మామూలు కంప్యూటరు మీద గడియారాన్ని రాత్రి రెండు గంటలకు మార్చి, మరో ప్రోగ్రాముతో ప్రాసెసరుకు భారం పెంచి, పరీక్షల వరుసను కలగాపులగం చేసి 300 సార్లు నడిపితే పైన వివరించిన కారణాల్లో చాలావాటిని విద్యార్థి తన కళ్లతో చూడగలడు.

పరిశోధనాభిలాష ఉన్నవారికి దారి అంతకన్నా విశాలం. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రారంభించిన అంతర్జాతీయ నిలకడ లేని పరీక్షల దత్తాంశం అందరికీ తెరిచి ఉంది; ఏ ప్రాజెక్టులో ఏ పరీక్ష, ఏ తెగకు చెందినది, సవరణ ఆమోదం పొందిందా లేదా అన్న వివరాలు అందులో వరుసలుగా ఉంటాయి. కొత్త పరీక్షను కనుగొని చేర్చేవారు దాన్ని మళ్లీ పుట్టించే పద్ధతిని చూపాలి, సరిదిద్దేవారు ఆ సవరణను అసలు ప్రాజెక్టుకు పంపి నిర్వాహకుల ఒప్పుదల కోరాలి. ఎందరో విద్యార్థులు తమ కోర్సు పనిలో భాగంగానే ఇందులో సవరణలు చేర్చారు; టెక్కలి నుంచైనా రాజాం నుంచైనా చేర్చడానికి కావలసినవి ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, ఒకే పరీక్షను ఓపికగా వందలసార్లు నడిపి లాగ్‌లు చదివే అలవాటు.